కోరంగి రేవు నుంచి బెర్లిన్ మైదానం దాకా

దోహా కార్నిష్ మీద 2013 అక్టోబరులో ఒక పెద్ద కంచు విగ్రహం వెలిసింది. ఒక ఆటగాడు తలతో ఎదుటివాడి రొమ్ములో కుమ్ముతున్న భంగిమ అది. 2006 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఫైనల్లో ఫ్రాన్సు నాయకుడు జిదాన్ ఇటలీ ఆటగాడు మతెరాజీని కొట్టిన క్షణాన్ని అల్జీరియాలో పుట్టిన శిల్పి ఆదెల్ అబ్దెస్సెమెద్ అలా పోతపోశాడు. కొందరు అది కళ అన్నారు, కొందరు విగ్రహారాధన అన్నారు, కొందరు పిల్లలకు చెడ్డ పాఠం అన్నారు. నెల తిరగకుండానే దాన్ని అక్కడినుంచి తీసేశారు. 2022లో, ఇక్కడ ప్రపంచ కప్పు జరగడానికి కొద్ది నెలల ముందు, క్రీడా మ్యూజియంలో దానికి మళ్ళీ చోటిస్తామని ప్రకటించారు.

ఆ విగ్రహంలో ఇద్దరే వున్నారు. కాని ఆ రాత్రి బెర్లిన్ మైదానానికి వచ్చిన ఫ్రాన్సు జట్టు ఇరవైమూడు మందిలో మనకు సంబంధించిన మనిషి ఒకాయన వున్నాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. మాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు. ఆయన పేరు వికాస్ దొరాసూ.

పోయిన ఉగాదికి పిల్లల ప్రశ్నల పోటీకి ప్రశ్నలు కూర్చే పని మా నెత్తిన పడింది. పాత ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వేస్తున్నామని పిల్లలు విసుక్కుంటున్నారు కనుక, "ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో ఆడిన తెలుగు సంతతివాడు ఎవరు?" అని ఒక ప్రశ్న చేర్చాము. ఒక్కరూ చెప్పలేకపోయారు. జవాబు మేమే చెప్పాము. పెద్దలు చప్పట్లు కొట్టారు. అప్పుడొక పదేళ్ళ అమ్మాయి లేచి నిలబడి, "అంకుల్, ఆయనకు తెలుగు వచ్చా?" అని అడిగింది.

హాలంతా నవ్వింది. మేమూ నవ్వి తప్పించుకున్నాము. కాని ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న వదలలేదు. అడిగిన అమ్మాయి ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆమె అడిగింది దొరాసూ గురించి కాదు, తన గురించి అని మాకు తర్వాత తోచింది. ఈ వ్యాసం ఆ అమ్మాయికి కాస్త ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు ఆటగాడి సంగతి చెప్పుకుందాం. దొరాసూ 1973 అక్టోబరు 10న ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో, ల హావ్ర్ రేవు పట్టణం పక్కన వున్న ఆర్‌ఫ్లర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మారిషస్ నుంచి వచ్చినవారు. వారి పూర్వీకులు పందొమ్మిదో శతాబ్దంలో ఆంధ్రదేశం నుంచి చెరకు తోటల్లో పనికి మారిషస్ వెళ్ళినవారు. కుర్రవాడు ల హావ్ర్ జట్టులో ఆట నేర్చుకున్నాడు. 1998లో లియోన్ జట్టుకు వెళ్ళాడు. ఆ జట్టు 2003లోనూ 2004లోనూ ఫ్రెంచి లీగు గెలిచినప్పుడు అందులో వున్నాడు. ఆ తర్వాత ఒక ఏడాది ఇటలీలో ఏ.సి. మిలాన్, అటుపైన ప్యారిస్ సాఁ జెర్మాఁ. 2006 ఏప్రిల్‌లో ఫ్రెంచి కప్పు ఫైనల్లో మార్సే జట్టు మీద దూరంనుంచి కొట్టిన గోలు ఆయనది. ఆ ఆట 2-1తో ప్యారిస్ గెలిచింది. 1999 నుంచి 2006 దాకా ఫ్రాన్సు దేశం తరఫున 18 ఆటలు ఆడాడు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. దొరాసూ ఆడిన ఆ ప్యారిస్ జట్టును 2011లో ఖతార్ వారు కొన్నారు. మన పిల్లలు తొడుక్కుని తిరిగే చొక్కాల మీద ఆ జట్టు గుర్తే వుంటుంది. ఆ చొక్కా ఒకప్పుడు మన కోరంగి నుంచి వెళ్ళిన వలసజనం మనుమడి ఒంటిమీద కూడా వుండేదని వాళ్ళకు తెలియదు.

2006 ప్రపంచ కప్పు జర్మనీలో జరిగింది. జూన్ 13న స్టుట్‌గార్ట్‌లో స్విట్జర్లాండు మీదా, 18న లైప్‌జిగ్‌లో దక్షిణ కొరియా మీదా చివరి కొద్ది నిమిషాలపాటు దొరాసూను దింపారు. అంతే. మిగతా ఆటలన్నీ బెంచీ మీదే. ఆయన ఊరికే కూర్చోలేదు. మిత్రుడొకడు ఇచ్చిన చిన్న సూపర్ ఎయిట్ కెమేరాతో హోటలు గదిని, కిటికీని, తన ఒంటరితనాన్ని చిత్రించుకున్నాడు. ఫ్రెడ్ పూలే అనే ఆ మిత్రుడితో కలిసి తీసిన ఆ చిత్రం పేరే 'సబ్‌స్టిట్యూట్'. ప్రపంచమంతా జిదాన్ తలను చూస్తున్న వేళ, అదే జట్టులో వుండి ఆడడానికి పిలుపు రాని మనిషికి ఎలా వుంటుందో ఆ చిత్రం చెప్పింది. ఆ ఏడాది అక్టోబరులో, శిక్షకుడిని పత్రికల్లో విమర్శించినందుకు, ప్యారిస్ జట్టు ఆయన్ని పనిలోంచి తీసేసింది. తర్వాత ఆయన రాజకీయాల్లోకి వచ్చి 2020 ప్యారిస్ పుర ఎన్నికల్లో నిలబడ్డాడు. తన మూలాలు భారతదేశంలో వున్నాయని చెప్పుకోవడానికి ఏనాడూ వెనుకాడలేదు. చెప్పుకోకపోయినా పేరు చెబుతూనే వుంటుంది. ఫ్రాన్సులో 1993 దాకా పిల్లకు పెట్టే పేరు మీద కూడా రిజిస్ట్రారుకు పెత్తనం వుండేది. అటువంటి రోజుల్లో, 1973లో, పియేరో మిషేలో అని పెట్టి పని సులువు చేసుకోకుండా 'వికాస్' అని రాయించిన ఆ తల్లిదండ్రులను మేము తలచుకోకుండా వుండలేము.

ఇక వెనక్కు వెళ్దాం.

గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం పక్కన కోరంగి అనే వూరుంది. ఇవాళ అక్కడికి వెళ్ళేవారు మడ అడవులు చూడడానికి వెళతారు. కాని రెండు వందల ఏళ్ళ కిందట అది ఓడలు కట్టే వూరు, ఓడలు ఆగే రేవు. తూర్పు తీరంనుంచి పరదేశాలకు వెళ్ళిన తెలుగువారు ఎంతమంది ఆ రేవులో ఓడ ఎక్కారంటే, రంగూనులో తెలుగు కూలీకి 'కోరంగీ' అనే పేరే స్థిరపడింది. మారిషస్‌లోనూ అంతే. మనుషుల్ని వారి భాషతో కాక వాళ్ళు దాటివచ్చిన గుమ్మంతో పిలిచారన్నమాట. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఆ రేవును ముంచేసింది. రేవు పోయింది, దాని పేరు మాత్రం సముద్రానికి అవతల మిగిలింది.

బ్రిటిషు వారి ఏలుబడిలోని మారిషస్‌లో 1835 ఫిబ్రవరిలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు చేతులు కావాలి. స్వేచ్ఛ పొందిన బానిసలు మళ్ళీ ఆ తోటల్లోకి అడుగుపెట్టడానికి ఇష్టపడలేదు. అందుకని మూడు నెలల ముందునుంచే, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో మొదలుపెట్టి, భారతదేశంనుంచి ఒప్పందం కూలీలను దింపడం ప్రారంభించారు. పక్కనున్న ఫ్రెంచి ద్వీపం రెయూనియన్‌కు యానాంనుంచి తెలుగువారిని అంతకన్నా ముందే, 1820ల చివర్లోనే, పంపిన దాఖలాలు వున్నాయి. మోసాలు, మరణాలు బయటపడి గోల కావడంతో భారత ప్రభుత్వం మధ్యలో ఈ వలసను ఆపించింది. 1842లో మళ్ళీ అనుమతించింది. అటుపైన కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులనుంచి ప్రవాహం సాగింది. 1920 లోపల దాదాపు అయిదు లక్షలమంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. కొందరు అక్కడినుంచి ఇంకా ముందుకు వెళ్ళారు. చాలామంది అక్కడే వుండిపోయారు. వాళ్ళు దిగిన ఆ ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దొరాసూ ప్రపంచ కప్పు ఆడిన సంవత్సరమూ అదే.

ఒప్పందం సాధారణంగా అయిదేళ్ళకు. జీతం నెలకు అయిదు రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దానికి 'డబుల్ కట్' అని పేరు. ఒప్పందం ముగిసినవాడు కూడా ఫోటోతో కూడిన చీటీ దగ్గర వుంచుకోవాలని 1867లో చట్టం చేశారు. చీటీ లేకుండా పొరుగు జిల్లాలో కనబడితే ఖైదు. ప్రతి మనిషికీ ఒక నంబరు. వచ్చినవాడి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఒంటిమీద పుట్టుమచ్చలు అన్నీ ఆ నంబరు కింద రాసుకున్నారు. పాలించేవాళ్ళు తమ అదుపు కోసం రాసుకున్న ఆ పుస్తకాలే ఈనాడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా వున్నాయి. ముత్తాత వూరు వెతుక్కునేవారికి అవే ఆధారం.

పేర్ల సంగతి కూడా చూడండి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. అప్పడు 'అప్పాడూ' అయ్యాడు. నాయుడు 'నైడూ' అయ్యాడు. మన మాటల చివరి ఉకారాన్ని సాగదీసి రెండు సున్నల అక్షరాలతో రాయడం ఆనాటి తెల్లవారి అలవాటు. ఫుట్‌బాల్ చొక్కా వీపు మీద ఆ దీర్ఘాన్ని చూసిన తెలుగువాడికి ఏదో తెలిసిన గొంతు వినబడినట్టు అనిపిస్తుంది.

అక్కడి తెలుగువారు ఏమి నిలుపుకున్నారు? భాష నిలుపుకోవడం వారికి కష్టమైంది. పొలంలో క్రియోల్, ఇంట్లోనూ మెల్లగా క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. కాని సింహాద్రి అప్పన్న కొలువు నిలుపుకున్నారు. అమ్మోరు పండుగ నిలుపుకున్నారు. రామభజనం నిలుపుకున్నారు. ఈ మూడూ విన్నవారెవరికైనా వాళ్ళు ఏ తీరంనుంచి వెళ్ళారో విడిగా చెప్పనక్కరలేదు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు రోజు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది మారిషస్‌లోనే. మొదటివి 1975లో హైదరాబాదులో, రెండోవి 1981లో కౌలాలంపూరులో. పిల్లలకు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెప్పే ఏర్పాటు కూడా చేసుకున్నారు. పోయిన భాషను బడిలో తిరిగి నేర్చుకుంటున్నవాళ్ళు వాళ్ళు. ఇంట్లో వున్న భాషను బడికి పంపి పోగొట్టుకుంటున్నవాళ్ళం మనం.

1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. చిన్న ద్వీపం, ఉద్యోగాలు తక్కువ. ఆ రోజుల్లో ఎంతోమంది ఇంగ్లండుకూ, ఫ్రాన్సుకూ తరలివెళ్ళారు. ఆ తరం పిల్లవాడే దొరాసూ. కోరంగి నుంచి పోర్ట్ లూయీకి ఒక సముద్రం, పోర్ట్ లూయీ నుంచి ల హావ్ర్‌కు ఇంకొకటి. రెండు రేవులు దాటిన కుటుంబం మూడో రేవు పట్టణంలో బంతి పట్టుకుంది.

ఇప్పుడు గర్వం సంగతికి వద్దాం. వలసవచ్చిన కుటుంబంలో పుట్టిన ఆటగాడు తన మూలాల గురించి గర్వపడితే జనం మెచ్చుకుంటారా? ఎవరి మూలాలు అన్నదాన్నిబట్టి వుంటుంది. అమెరికా ఆటగాడొకడు మా తాతలు జర్మనీనుంచి వచ్చారని సగర్వంగా చెప్పుకుంటే విన్నవారు ముచ్చటపడతారు. అదే జర్మనీలో పుట్టినవాడు మా తాత టర్కీనుంచి వచ్చాడని అంత గర్వంగానూ చెప్పుకుంటే?

దీనికి జవాబు మన అల్‌ఖోర్‌లోనే కనబడింది. 2022 నవంబరు 27న అల్ బైత్ మైదానంలో జర్మనీ, స్పెయిన్ ఆడుతున్నప్పుడు ప్రేక్షకుల్లో కొందరు ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో మెసూత్ ఓజిల్ బొమ్మలు పైకెత్తారు. అంతకు నాలుగు రోజుల ముందు జర్మనీ జట్టు, తమ మాట చెప్పుకోనివ్వడం లేదని నిరసనగా, నోళ్ళు మూసుకుని ఫోటో దిగింది. మీరు ఓజిల్‌కు ఏమి చేశారని ఆ ప్రేక్షకుల ఎదురు ప్రశ్న. ఓజిల్ 1988లో గెల్జెన్‌కిర్షన్ అనే బొగ్గుగనుల పట్టణంలో పుట్టాడు. 1961లో జర్మనీ, టర్కీ చేసుకున్న ఒడంబడిక తెరిచిన దారిలో వెళ్ళిన టర్కీ కార్మికుల కుటుంబం అతనిది. వాళ్ళకు అక్కడ పెట్టిన పేరు 'అతిథి కార్మికులు'. అతిథి అంటే తిరిగి వెళ్ళిపోయేవాడని అర్థం. వాళ్ళు వెళ్ళలేదు, పిల్లలు పుట్టారు, మనుమలు పుట్టారు. ఒక మనుమడు 2014లో జర్మనీకి ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ఆడాడు. 2018లో టర్కీ అధ్యక్షుడితో ఫోటో దిగినందుకు పెద్ద రభస అయింది. గెలిస్తే జర్మనుణ్ణి, ఓడితే వలసవాణ్ణి అనే అర్థం వచ్చేలా ఒక ప్రకటన రాసి, ఆ జూలైలో అతను దేశం జట్టుకు సెలవు చెప్పాడు. ఆ అధ్యక్షుడితో ఫోటో దిగడం మంచిదా కాదా అన్నది వేరే వాదం. నోళ్ళు మూసుకున్న జర్మనులకూ ఒక న్యాయమైన ఫిర్యాదు వుండవచ్చు. మేము గమనించింది ఒక్కటే. తాత దేశం పేరు ఎత్తినప్పుడు, ఒకడిది వారసత్వం అవుతుంది, ఇంకొకడిది అనుమానం అవుతుంది.

మేము వైద్యులం కనుక వారసత్వం అనే మాట రోజూ వాడుతూనే వుంటాము. రోగి రాగానే అడిగే తొలి ప్రశ్నల్లో కుటుంబ చరిత్ర ఒకటి. నాన్నగారికి షుగరు వుందా, తాతగారు దేనితో పోయారు అని అడుగుతాము. రక్తంలో వచ్చినదానికి విలువ లేదని మేము అనము. కాని మారిషస్ నుంచే ఒక పాఠం వుంది. 1987లో అక్కడ పెద్ద ఎత్తున ఆరోగ్య సర్వే జరిగింది. భారత సంతతివారికి షుగరు వ్యాధి ఎక్కువని అందరూ అనుకునేదే. అక్కడ చూస్తే భారత సంతతివారిలోనూ, ఆఫ్రికా మూలాల క్రియోల్ జనంలోనూ, చైనా సంతతివారిలోనూ ఆ జబ్బు ఇంచుమించు ఒకే స్థాయిలో, చాలా ఎక్కువగా, కనబడింది. వేరువేరు ఖండాలనుంచి వచ్చినవాళ్ళు ఒకే ద్వీపంలో ఒకే తీరుగా బతకడం మొదలుపెట్టేసరికి ఒకే జబ్బు పంచుకున్నారు. తాత ఇచ్చినది కొంత, నిలబడిన నేల ఇచ్చినది కొంత. దొరాసూ కాళ్ళలోని ఆట కోరంగిలో పుట్టలేదు, ల హావ్ర్ మైదానంలో పుట్టింది. అయినా ఆ కాళ్ళు ఆ మైదానానికి చేరిన దారి కోరంగి మీదుగానే వచ్చింది. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలినా మనం అబద్ధమాడినట్టే.

ఖతార్ వారికి ఇది మనకంటే బాగా తెలుసు. 2021 ఆగస్టు 1న టోక్యోలో ఎత్తు దూకుడులో ఇటలీ ఆటగాడు తంబేరీతో కలిసి బంగారు పతకం పంచుకున్న ముతాజ్ బర్షిమ్ దోహాలో సూడాన్ కుటుంబంలో పుట్టినవాడు. 2019 ఆసియా కప్పులో తొమ్మిది గోళ్ళు కొట్టిన అల్మోయెజ్ అలీ సూడాన్‌లో పుట్టాడు. 2024లో ఖతార్ జాతీయ జట్టు పిలుపు అందుకున్న తహ్సీన్ అనే కుర్రవాడి తల్లిదండ్రులు కేరళ వారు. ఆ వార్త వచ్చిన రోజున మా ఆసుపత్రిలో మలయాళీ నర్సులు మిఠాయి పంచారు. మేమూ తిన్నాము, మాకూ ఏదో వచ్చినట్టే సంతోషించాము.

ఇంతవరకు రాసింది చదివి ఎవరైనా సంతోషించవచ్చు. ఇకపై రాసేది రాయాలా వద్దా అని కొంత తటపటాయించాము.

మేము ప్రశ్నల పోటీకి దొరాసూ పేరు వెతుకుతున్న వారంలోనే జగిత్యాల వైపునుంచి వచ్చిన కార్మికుడొకాయన మూత్రపిండంలో రాయితో మా దగ్గరికి వచ్చాడు. ఎండలో పని, నీళ్ళు చాలవు. ఇక్కడ మేము తరచు చూసే జబ్బే. అలవాటు ప్రకారం కుటుంబ చరిత్ర అడిగాము. ఆయన జబ్బుల సంగతి చెప్పలేదు. "మా తాత బొంబాయి పోయిండు సారూ, బట్టల మిల్లుల పనిజేసిండు. మా నాయన దుబాయి పోయిండు. నేనిటొచ్చిన. నా కొడుకును మాత్రం ఎటూ పోనియ్య, సదివిపిస్త" అన్నాడు. మేము కాగితం మీద 'కుటుంబ చరిత్ర: చెప్పుకోదగ్గది లేదు' అని రాశాము. రాసేశాక కలం ఆగింది. మూడు తరాల వలస చరిత్రను ఇంతకంటే క్లుప్తంగా మాకు ఇంకెవరూ చెప్పలేదు. దాన్ని రాసే గడి మా కాగితంలో లేదు.

ఆయన వుండే చోటు మన ఇళ్ళకు అరగంట దూరం. ఇన్నేళ్ళలో మన ఉగాదికి అటువైపునుంచి ఎంతమంది వచ్చారు? మన టిక్కెట్టు ధర ఎంత? మన సభ శుక్రవారం సాయంత్రం ఏ హోటల్లో జరుగుతుంది, అక్కడికి బస్సు వుందా? ఈ ప్రశ్నలు కార్యవర్గంలోని ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. టిక్కెట్టు ధర నిర్ణయించిన రోజున మేమూ ఆ బల్ల దగ్గరే వున్నాము, తల ఊపాము.

చరిత్రను మనకు అనుకూలంగా పట్టుకోవడం సులువు. నూట యాభై ఏళ్ళ కిందట నంబరు తగిలించుకుని ఓడ దిగిన కోరంగీ కూలీ మునిమనుమడు ప్రపంచ కప్పు ఆడేసరికి అతను 'మనవాడు' అయ్యాడు. ఇవాళ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని విమానం దిగుతున్న మనిషి మనవాడు కావడానికి ఎన్ని తరాలు ఆగాలి? ఆనాటి ఒప్పందానికీ ఈనాటి ఉద్యోగానికీ తేడా లేదని మేము అనబోవడం లేదు. ఇక్కడ చట్టాలు మారాయి. 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం వెయ్యి రియాళ్ళని, దానికి పైన వసతికీ తిండికీ విడిగా ఇవ్వాలని చట్టమైంది. వేసవిలో మధ్యాహ్నం బయటి పని నిషేధించారు. ఇవి చిన్న మార్పులు కావు. మేము అడుగుతున్నది ఇక్కడి ప్రభుత్వాన్ని కాదు, మనల్ని.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మారిషస్ కూలీకి ఒప్పందం తీరాక అక్కడే వుండే దారి దొరికింది. పిల్లలు ఆ దేశస్థులయ్యారు. జర్మనీలో అతిథి మనుమడికి ఆ దేశపు చొక్కా దొరికింది. ఇక్కడ మనం, డాక్టర్లమైనా ఇంజనీర్లమైనా తాపీ పనివారమైనా, ఏదో ఒక రోజున తిరుగు ప్రయాణం పెట్టుకున్నవాళ్ళమే. వీసా కాగితం దగ్గర మనకూ ఆ జగిత్యాల మనిషికీ వున్న దూరం మనం అనుకునేంత లేదు. మన పిల్లలు ఇక్కడినుంచి ఏ దేశం వెళతారో, అక్కడ ఏ భాషలో కలలు కంటారో మనకు తెలియదు. వాళ్ళ మనుమలను చూసి ఎవరో ఒకరు, "పేరు చూడు, తెలుగువాళ్ళలాగున్నారే" అనుకునే రోజు వస్తుంది. అప్పుడు ఆ మనుమలకు చెప్పుకోవడానికి ఒక కథ వుండాలి. మోకాలో అయితే పుస్తకాలున్నాయి. మన గురించి రాసిపెట్టిన గుమాస్తా ఎవరూ లేడు.

అందుచేత సంఘం ముందు రెండు సూచనలు పెడుతున్నాము.

మొదటిది. వచ్చే ఉగాదికి ప్రతి కుటుంబమూ ఒక కాగితం నింపి ఇవ్వాలి. తాత ఏ వూరు, అక్కడినుంచి మొదట కదిలింది ఎవరు, ఎందుకు, ఎక్కడికి, ఏ పనికి. కరువుకో అప్పుకో వూరు వదిలివుంటే అదీ రాయాలి. కలెక్టరు తాత వుంటేనే రాస్తామంటే ఆ కాగితం పనికిరాదు. పిల్లలచేత అడిగించి, పిల్లలచేతనే రాయించాలి. తెలుగు రాయడం రానివాళ్ళు పెద్దలు చెప్పగా అక్షరం అక్షరం దిద్దుకుంటూ రాసినా సరే.

రెండోది. ఆ కాగితాలు పట్టుకుని ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్ళాలి. అక్కడి మన తెలుగువారి కథలు కూడా అదే కాగితం మీద, వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఉగాది సభకు బస్సు మనమే పెట్టాలి, టిక్కెట్టు వుండకూడదు. మా వంతుగా ఆ రోజు పొద్దున్నే ఒక వైద్య శిబిరం చూసుకుంటాము. తోటి వైద్యులు ముగ్గురు సరేనన్నారు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. అమ్మా, ఆయనకు తెలుగు వచ్చినా రాకపోయినా ఆయన ముత్తాతకు వచ్చు. ఆ ముత్తాత ఓడ ఎక్కినప్పుడు వెంట తీసుకువెళ్ళగలిగినవి చాలా తక్కువ. ఒక పేరు, ఒక దేవుడు, నాలుగు పాటలు. ఆ పేరు జర్మనీ దాకా వెళ్ళింది. నీ దగ్గర అంతకంటే ఎక్కువే వుంది. మాట్లాడడం వచ్చు, అడగడం వచ్చు. చదవడం ఒక్కటే మిగిలింది. శనివారం సాయంత్రాలు మా ఇంట్లో పలక, బలపం వుంటాయి. మీ అమ్మగారితో చెప్పి రా. నీ స్నేహితులు కూడా రావచ్చు.